పాత ఫాల్స్ సీలింగ్ ఊడదీస్తున్నాం, శ్లాబు కింద వేడి ఆపే షీట్లు వేయించాలా?

పటమట_పైఅంతస్తు · ఫిబ్రవరి 9

అందరికీ నమస్కారం. విజయవాడ పటమటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, మాది ఆఖరి ఫ్లోరు. కట్టి 17 ఏళ్ళయింది. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు అమ్మానాన్నల గదిలో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగ్ మూల నుంచి చేటంత ముక్క ఊడి మంచం పక్కనే పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మిగతాది కూడా నమ్మకం లేదు కాబట్టి మొత్తం పీకించి జిప్సం వేయిద్దామనుకున్నాం.

ఎలాగూ శ్లాబు బయటపడుతుంది కదా, ఆ గది వేడి సంగతి కూడా ఇప్పుడే తేల్చేద్దామని నా ఆలోచన. పడమటి గది. మే నెలలో సాయంత్రం ఏడింటికి బయట గాలి తిరిగినా లోపల పొయ్యి దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. ఏసీ 24లో పెట్టినా రాత్రి పదకొండు దాకా చల్లబడదు. నాన్నగారికి 74 ఏళ్ళు, బీపీకి మందులు వాడతారు. పోయిన ఏడాది నెలన్నర పాటు ఆయన హాల్లో చాప మీదే పడుకున్నారు. అది చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

టెర్రస్ అసోసియేషన్‌ది. పైన ఏదైనా వేయిద్దామంటే "ఒక్క ఫ్లాటు కోసం మొత్తం టెర్రస్ కదిలించలేం" అన్నారు. కాబట్టి కింద నుంచే చేసుకోవాలి. గది 12 బై 14, శ్లాబు ఎత్తు 9 అడుగుల 8 అంగుళాలు. సీలింగ్ మేస్త్రీ ఏమంటున్నాడంటే, జిప్సం బోర్డుల మీద థర్మాకోల్ షీట్లు ఊరికే పరిచేస్తే చాలట. అది పని చేస్తుందా?

సివిల్_రాజమండ్రి · ఫిబ్రవరి 9

వేడి గురించి తర్వాత మాట్లాడదాం. ముందు ఒక మాట చెప్పండి, ఆ పీఓపీ ముక్క ఎందుకు ఊడింది? పీఓపీ ఊరికే ఊడదు. చాలాసార్లు తడి తగిలే ఊడుతుంది. ముక్క వెనక వైపు పసుపు, గోధుమరంగు మరకలు ఉన్నాయేమో చూడండి.

సీలింగ్ పూర్తిగా తీసేశాక, షీట్ల గురించి ఆలోచించే ముందు మూడు పనులు చేయండి. చిన్న సుత్తితో శ్లాబు అంతటా తట్టుకుంటూ రండి. గట్టిగా మోగినచోట పరవాలేదు, డొల్లగా మోగినచోట పెచ్చు విడిపోయిందని అర్థం, లోపల రాడ్డు తుప్పు పట్టి కాంక్రీటును తోస్తూ ఉండొచ్చు. రెండు, పైన మీ గది వరకు ఇటుకలు, సిమెంటుతో చిన్న గట్టు కట్టించి రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి 48 గంటలు ఉంచండి. దీనికి అసోసియేషన్ కాదనదు, వాళ్ళ శ్లాబుకీ మంచిదే. మూడు, ఆ రెండు రోజులూ కింద ఫొటోలు తీస్తూ ఉండండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కారే శ్లాబుకి కింద షీటు బిగిస్తే కారడం ఆగదు, మీకు కనపడకుండా పోతుంది. నీళ్ళు షీటుకీ శ్లాబుకీ మధ్య పాకి ఎక్కడో పది అడుగుల అవతల బయటపడతాయి. ఈలోపు రాడ్లు తుప్పు పడుతూనే ఉంటాయి.

లెస్టర్_గోదారి · ఫిబ్రవరి 10

నేను ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటాను, సొంతూరు పాలకొల్లు. రెండేళ్ళ కింద మా ఇంటి వెనక వంటగది పైన ఉన్న ఫ్లాట్ రూఫ్‌కి ఇదే పని చేయించాను, అందుకే రాస్తున్నాను. దయచేసి షీటుని కప్పుకి అంటించేయకండి. ఇక్కడ అందరూ మొదట చెప్పే జాగ్రత్త అదే. కప్పు పలకకీ ఇన్సులేషన్‌కీ మధ్య కనీసం 50 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, ఆ ఖాళీలోకి రెండు చివర్ల నుంచీ గాలి ఆడాలి, గది వైపు ఆవిరి పోకుండా పాలిథిన్ షీటు కట్టాలి. మాకంటే ముందున్నవాళ్ళు ఇవేవీ లేకుండా చెక్క దూలాల మధ్య గ్లాస్ వుల్ (గాజు నార దూది) కుక్కేశారు. సీలింగ్ విప్పేసరికి పైన ప్లైవుడ్ నల్లబడి, వేలితో పొడిస్తే లోపలికి దిగింది. వంట ఆవిరంతా పైకెళ్ళి చల్లని పలకకి తగిలి నీరై కూర్చుంది.

ఇక్కడున్న తెలుగువాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఇంకో మాట. సీలింగ్ మీద గరుకు డిజైన్ పూత ఉండి ఇల్లు 2000 కంటే ముందుదైతే, గోకే ముందు ఆస్బెస్టాస్ పరీక్ష చేయించండి. ఇక్కడ 1999 దాకా దాని మీద పూర్తి నిషేధం లేదు.

పటమట_పైఅంతస్తు · ఫిబ్రవరి 10

అయ్యో, ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. మేస్త్రీ పరచమంటాడు, మీరు ఖాళీ వదలమంటారు. ఇంకొకాయన ఫోనులో శ్లాబుకి అంటించమన్నారు. ఏది సరైంది?

మిర్చి_కోల్డ్‌స్టోరేజి · ఫిబ్రవరి 10

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకి ఇన్సులేషన్ పని 20 ఏళ్ళుగా చేస్తున్నాను. లెస్టర్ గారు చెప్పింది వాళ్ళ ఊరికి నూటికి నూరు పాళ్ళూ నిజం. విజయవాడకి మాత్రం తిరగబడుతుంది.

చల్లటి మజ్జిగ గ్లాసు బల్ల మీద పెడితే బయట చెమర్చుతుంది కదా. ఆ నీళ్ళు గ్లాసులోంచి రాలేదు. గదిలోని తేమ చల్లని చోటు వెతుక్కుని దాని మీద నీరైంది. కప్పు దగ్గర జరిగేదీ అంతే. తేమ వెచ్చని వైపు నుంచి చల్లని వైపుకి పోతుంది. లెస్టర్‌లో చలికాలం ఇల్లు వెచ్చన, కప్పు చల్లన. కింద ఇన్సులేషన్ వేస్తే కప్పు ఇంకా చల్లబడుతుంది, దాని అడుగున చెమర్చుతుంది. అందుకే గది వైపు అడ్డు, పైన గాలి. మా కోల్డ్ స్టోరేజీలో లోపలే చల్లన కాబట్టి ఆవిరి అడ్డు బయటి వైపు వేస్తాం. మీ శ్లాబు ఎండకి కాలుతుంటుంది, డిసెంబరు తెల్లవారుజామున కూడా చెమర్చేంత చల్లబడదు. కాబట్టి మీరు శ్లాబుకి, షీటుకి మధ్య సందు లేకుండా అంటించాల్సిందే. గది వైపు పాలిథిన్ కట్టొద్దు. ఏసీ గదిలో అది చల్లటి వైపున పడి, బయట నుంచి వచ్చిన తేమని లోపలే బంధిస్తుంది.

పరిచే థర్మాకోల్ సంగతి: సందుల్లోంచీ, లైటు చిల్లుల చుట్టూ వేడి గాలి తిరుగుతుంది. మధ్య మధ్య సీలింగ్‌ని మోసే ఇనుప ఛానెళ్ళు అడ్డొచ్చి షీటు చదునుగా కూర్చోదు. సగం ఫలితం కూడా రాదు.

లెస్టర్_గోదారి · ఫిబ్రవరి 10

ధన్యవాదాలు అండి, ఇప్పుడు అర్థమైంది. మాది చెక్క, మీది కాంక్రీటు, పైగా వాతావరణమే తలకిందులు. నా సలహా మన ఊళ్ళో ఎవరూ పాటించొద్దు.

విశాఖ_ఉక్కపోత · ఫిబ్రవరి 11

శ్లాబు చెమర్చదు, ఒప్పుకుంటాను. కానీ జిప్సం చెమర్చుతుంది, మా ఇంట్లో జరిగింది. ఏసీ పైపు గోడలోంచి బయటికి వెళ్ళే చిల్లు ఫాల్స్ సీలింగ్ పైన ఉంది, దాన్ని పూడ్చకుండా వదిలేశారు. సముద్రపు గాలి ఆ చిల్లులోంచి సీలింగ్ పైకి చేరేది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట బోర్డు చల్లబడి, ఆ తేమ దాని వీపు మీద చేరింది. ఆగస్టుకి రూపాయి బిళ్ళల్లా నల్ల బూజు మచ్చలు వచ్చాయి. మేస్త్రీ శ్లాబు కారుతోందన్నాడు, వాటర్‌ప్రూఫింగ్‌కి 40 వేలు పోశాం. మచ్చలు మళ్ళీ వచ్చాయి. చివరికి ఆ చిల్లు సిమెంటుతో మూసి, ఏసీ రాగి పైపుల తొడుగు చిరిగిన చోట మళ్ళీ చుట్టించాకే ఆగింది. సీలింగ్ మూసేముందు ప్రతి చిల్లూ టార్చి వేసి చూడండి. ఎలుకలు కూడా అక్కణ్ణుంచే వస్తాయి, థర్మాకోల్ అంటే వాటికి గూడు కట్టుకోవడానికి పండగే.

వైరింగ్_మనిషి · ఫిబ్రవరి 11

కరెంటు వైపు నుంచి మూడు మాటలు. థర్మాకోల్ జాతి షీటుకి పీవీసీ వైరు నేరుగా తగిలి ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ వైరు తొడుగులోని మెత్తదనం షీటులోకి దిగిపోయి తొడుగు పెళుసవుతుంది. అన్ని వైర్లూ పైపులోనే నడపాలి. డౌన్‌లైట్ల (సీలింగ్‌లో చిల్లు చేసి దించే లైట్లు) వీపు మీద ఇన్సులేషన్ కప్పొద్దు, లైటుకి కరెంటు సర్దే డ్రైవర్ కాలిపోతుంది. షీటు శ్లాబుకి అంటి ఉంటే ఈ బాధ లేదు, లైటుకి కింద ఖాళీ దొరుకుతుంది.

ఫ్యాను మాత్రం శ్లాబులోని హుక్కుకే. ఛానెల్‌కి తగిలించే మేస్త్రీలను నా కళ్ళతో చూశాను. హుక్కు చుట్టూ షీటు కోసి, కాస్త పొడుగు రాడ్డు తెచ్చుకోండి. రెక్కలకీ సీలింగ్‌కీ అడుగు దూరం ఉండాలి, లేకపోతే ఫ్యాను తిరుగుతుంది కానీ గాలి కిందికి రాదు.

పటమట_పైఅంతస్తు · ఫిబ్రవరి 20

సీలింగ్ మొత్తం తీయించాం. సివిల్ గారూ, మీరన్నదే నిజమైంది. ముక్క వెనక టీ ఒలికినట్టు మరక. నీళ్ళు నిలబెట్టిన రెండో రోజు మధ్యాహ్నానికి ఈశాన్యం మూల, వాన నీటి గొట్టం దిగే దగ్గర, అరచేయి అంత చోటు తడిసి ముదురు రంగుకి తిరిగింది. సుత్తితో తడితే డొల్ల. మేస్త్రీ అక్కడ ఉలితో కొడితే అంగుళం మందం పెచ్చు చేతిలోకి వచ్చింది, లోపల రాడ్డు పొరలు పొరలుగా తుప్పు. అది చూస్తుంటే కడుపులో దేవినట్టయింది. ఆ మూల కిందే అమ్మ తలపెట్టుకుని పడుకునేది.

ఫొటోలు చూపిస్తే అసోసియేషన్ వాళ్ళు అదే రోజు వచ్చి చూశారు. గొట్టం చుట్టూ పాత సిమెంటు తీసి కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేయడానికి ఒప్పుకున్నారు.

సివిల్_రాజమండ్రి · ఫిబ్రవరి 20

అదృష్టం, ఇప్పుడే కనపడింది. పైన పని పూర్తయ్యాక మళ్ళీ 48 గంటల నీళ్ళు పెట్టించండి. కింద డొల్లగా మోగినదంతా కొట్టేసి, రాడ్డు తెల్లగా మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు నిరోధక పూత, ఆపైన పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్. మామూలు ఇసుక సిమెంటుతో మూస్తే రెండేళ్ళలో మళ్ళీ ఊడుతుంది. పూర్తిగా ఆరడానికి కనీసం రెండు మూడు వారాలు వదలండి. ఎండలు వస్తున్నాయి, మీకు కలిసొస్తుంది.

ఈలోపు మందం లెక్క చెప్తాను. యూ వాల్యూ అని ఒకటుంది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు కప్పులోంచి ఎన్ని వాట్ల వేడి దిగుతుందో అది. ఐదంగుళాల ఉత్త శ్లాబుకి సుమారు 3.5 వస్తుంది. దాని కింద ఖాళీ వదిలి జిప్సం సీలింగ్ ఒక్కటే వేస్తే 1.8 దగ్గరికి దిగుతుంది. అంటే మీ పాత సీలింగ్ కూడా ఎంతో కొంత పని చేస్తూనే ఉంది, అది తీసేశాక ఇప్పుడు గది ఇంకా వేడెక్కి ఉండాలి. అంగుళం ఎక్స్‌పీఎస్ షీటు (థర్మాకోల్ జాతిదే, కానీ గట్టి ఫోమ్) శ్లాబుకి అంటిస్తే, సీలింగ్ కలపకుండానే 0.9. రెండంగుళాలైతే 0.5. మూడో అంగుళానికి వచ్చే లాభం చాలా తక్కువ, ఎత్తు మాత్రం పోతుంది. ఇళ్ళ కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పుకి 1.2 దాటొద్దంటుంది. మన ఊళ్ళలో కట్టిన ఉత్త డాబాలు దానికి మూడింతలు.

మీ గది 15.6 చదరపు మీటర్లు. మే మధ్యాహ్నం ఎండ దెబ్బ కలుపుకుని పైన 60 డిగ్రీలు, గదిలో 27 అనుకుంటే ఉత్త శ్లాబులోంచి 1,800 వాట్లు. అంటే అరటన్ను ఏసీ కేవలం కప్పుతో కొట్లాడటానికే సరిపోతుంది. రెండంగుళాల షీటుతో అది 260 వాట్లకి పడిపోతుంది. నిజానికి శ్లాబు మందం వల్ల ఆ వేడి అప్పటికప్పుడు దిగదు, పలచబడి కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుంది. మీకు సాయంత్రం ఏడింటికి తెలిసే వేడి మధ్యాహ్నం పైన పడిన ఎండే.

ఒక లోపం కూడా చెప్పాలి. షీటు పైన వేస్తే శ్లాబు నీడలో ఉంటుంది. కింద వేస్తే వేడి కిందికి పోలేక శ్లాబే ఎక్కువ కాలుతుంది, ఎక్కువ సాగి ముడుచుకుంటుంది, వాటర్‌ప్రూఫింగ్‌లో పగుళ్ళు తొందరగా వస్తాయి. పైన కనీసం తెల్ల పూత ఉండాలి.

ఇందూరు_అక్క · ఫిబ్రవరి 21

ఆ తెల్ల పూత కోసం అసోసియేషన్‌ని మళ్ళీ అడుగు తమ్ముడూ. మేం నిజామాబాద్‌లో ఉంటాం, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండ మాకు ప్రతి ఏడూ చూసిందే. మా డాబా మీద ఏటా మార్చిలో తెల్ల పూత వేయించుకుంటాం. చెప్పులు లేకుండా మిట్టమధ్యాహ్నం దాని మీద నడిచి, పక్కింటి డాబా మీద అడుగు పెట్టి చూడు, తేడా కాలికే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. ఖర్చు తక్కువ, టెర్రస్ కదిలించే పని లేదు. లీకు చూసి వాళ్ళు మెత్తబడ్డారు కదా, ఇదే సమయం. మీ గది పైన ఖర్చు నువ్వే పెట్టుకుంటానని చెప్పు.

కొత్తిల్లు_కరీంనగర్ · ఫిబ్రవరి 21

శ్లాబు అడుగున వెండి రేకు ఫాయిల్ అంటిస్తే చాలని వీడియోలు చూశాను. చవక కదా, ఇంత ఖర్చు ఎందుకు?

మిర్చి_కోల్డ్‌స్టోరేజి · ఫిబ్రవరి 22

ఫాయిల్ మోసం కాదు, కానీ వేసే పద్ధతి ఉంది. కప్పు నుంచి కిందికి దిగే వేడిలో ఎక్కువ భాగం సెగలా దిగుతుంది, పొయ్యి ముందు ముఖానికి తగిలే సెగ లాంటిదే. మెరిసే వైపు కిందికి పెట్టి, దాని కింద ఖాళీ ఉంటే ఆ సెగని ఆపుతుంది. రెండు వైపులా దేనికో ఒకదానికి అంటుకుని ఉంటే ఉత్త రేకే. కిందికి చూస్తుంది కాబట్టి దుమ్ము పట్టదు, మెరుపు నిలుస్తుంది. షీటు అంటించి, దాని అడుగున ఫాయిల్ ఉండి, కింద రెండంగుళాల ఖాళీ, ఆ కింద జిప్సం ఉంటే చాలా మంచి వరస.

పటమట గారూ, ఇక షీటు ఎంపిక. ఎక్స్‌పీఎస్ నీళ్ళు తాగదు, గట్టిగా ఉంటుంది, పని తేలిక. కానీ అది కాలుతుంది, నల్లటి పొగ వస్తుంది. కాబట్టి మంట ఆలస్యంగా అంటుకునే రకమే కొనండి, కింద 12.5 మిల్లీమీటర్ల జిప్సం ఎక్కడా తెరపి లేకుండా ఉండాలి. మంట భయం ఎక్కువైతే రాక్ వుల్ (రాతి నార పలకలు) వేసుకోండి. అది కాలదు, శబ్దం కూడా ఆపుతుంది. రెండంగుళాలకి యూ వాల్యూ 0.6 వస్తుంది, పెద్ద తేడా లేదు. ఒక్కటే, తడి తగిలితే స్పాంజిలా పట్టి బరువెక్కుతుంది. మళ్ళీ లీకు వచ్చే అవకాశం ఏ కొంచెం ఉన్నా ఎక్స్‌పీఎస్సే నయం. పెద్దవాళ్ళ గది, వంట లేదు, గ్యాసు లేదు. నా ఇంటికైతే ఎక్స్‌పీఎస్ వేస్తాను.

అంటించేటప్పుడు ఘాటు వాసన వచ్చే రబ్బరు గమ్ము వాడనివ్వకండి, షీటు కరిగిపోతుంది. సిమెంటు ఆధారిత గమ్ము పూసి, ఆరకముందే ఒత్తి, షీటుకి ఐదు చొప్పున గొడుగు ఫాస్టెనర్లు (షీటుని పట్టి ఉంచే వెడల్పు తల మేకులు) కొట్టించండి. శ్లాబులో ఒకటిన్నర అంగుళం దాటి డ్రిల్లు దిగకూడదు, పాత కరెంటు పైపులు ఉంటాయి. రాడ్డు తగిలితే పక్కకి జరపమనండి. షీట్ల మధ్య, గోడల చుట్టూ సందులన్నీ ఫోమ్ గన్‌తో నింపి, పైన టేపు.

పటమట_పైఅంతస్తు · మార్చి 27

పని అయిపోయింది. రెండోసారి నీళ్ళు పెడితే చుక్క తడి రాలేదు. మూడు వారాలు ఆరనిచ్చాక 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్, అడుగున ఫాయిల్, ఖాళీ, జిప్సం. మొత్తం మందం ఐదంగుళాలే. పాత సీలింగ్ పది అంగుళాలు దిగి ఉండేది కాబట్టి గది పెద్దదైనట్టుంది. చదరపు అడుగుకి జిప్సంకి 95 రూపాయలు, షీటుకి బిగింపుతో కలిపి 85 అయింది. మేస్త్రీ మొదట నసిగాడు, "ఇన్ని ఫాస్టెనర్లు ఎవరూ కొట్టరు సార్" అని. పక్కన నిలబడి లెక్కపెట్టి కొట్టించాను. ఏసీ పైపు చిల్లు నేనే మూశాను, విశాఖ గారి మాట గుర్తుంచుకుని.

తెల్ల పూతకి కూడా ఒప్పుకున్నారు. నా గది పైన అని మొదలుపెడితే పక్క ఫ్లాటు వాళ్ళు వచ్చి మాదీ వేయండన్నారు.

పటమట_పైఅంతస్తు · మే 28

రోహిణి కార్తె వచ్చింది, పని ఎలా ఉందో రిపోర్టు ఇస్తున్నాను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొన్నాను. నిన్న రాత్రి ఏడున్నరకి, ఏసీ వేయకముందు, ఇన్సులేషన్ లేని పక్క గదిలో సీలింగ్ 39. అమ్మానాన్నల గదిలో 33. ఏసీ 27లో పెడితే అరగంటలో గది సర్దుకుంటోంది. నాన్నగారు ఈ వేసవిలో ఒక్క రాత్రి కూడా హాల్లోకి రాలేదు.

ఒక్క సందేహం. పడమటి గోడ మీదుగా వెళ్ళే బీము సీలింగ్ కింద పది అంగుళాలు కనపడుతుంది. దాని మీద థర్మామీటరు పెడితే 37 చూపిస్తోంది. చెయ్యి పెడితే వెచ్చగా తెలుస్తోంది.

సివిల్_రాజమండ్రి · మే 28

వేడి శ్లాబులోంచి నేరుగా బీములోకి దిగుతోంది, పైగా పడమటి గోడ ఎండ కూడా తోడైంది. బీము లోపలి ముఖానికీ అడుగుకీ అంగుళం ఎక్స్‌పీఎస్ పట్టీలు అదే గమ్ముతో అంటించి జిప్సం తొడుగు వేయించండి. ఫాస్టెనర్లు మాత్రం బీము పక్కల్లోనే, అడుగున వద్దు. అక్కడ ముఖ్యమైన రాడ్లు ఉంటాయి. కిటికీ పైన పడమటి ఎండ పడకుండా వెదురు తడిక కట్టినా ఆ గోడ కొంత తగ్గుతుంది, అది ఈ ఆదివారమే చేసుకోవచ్చు.

పటమట_పైఅంతస్తు · మే 29

షీట్లు రెండు మిగిలున్నాయి, బీముకి సరిపోతాయి. తడిక కోసం సాయంత్రం వన్‌టౌన్ వెళ్తున్నాను.